వాల్వు రేడియో బాగైంది, సిలోను చుక్క చెరిగింది

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఇత్తడి సామాన్ల అంగళ్ళ వెనుకనున్న ఒక ఇరుకు సందులో, ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు గొట్టాల వాల్వులతో పనిచేసిన పాత వాల్వు రేడియోలను ఇప్పటికీ బాగుచేస్తున్న దుకాణం ఒకటి ఉంది. మా నాయన 1960వ దశకంలో కొన్న రేడియోను నేను గత వేసవిలో అక్కడ ఇచ్చి, రెండు వారాలని చెప్పిన పనికి ఏడు వారాలు ఎదురుచూసి, 5,400 రూపాయలు చెల్లించి చిత్తూరుకు తెచ్చుకున్నాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. చేతిలో ఉన్న సెట్లే తెమలడం లేదని, ఇంకా జనం వచ్చిపడితే తన వల్ల కాదని యజమాని స్వయంగా కోరడం అందుకు ఒక కారణం కాగా, పనిలో జరిగిన ఒక పొరపాటును కూడా చెప్పవలసి ఉండటం రెండవ కారణం.

రేడియో మరమ్మతు మంచిచెడ్డలు చెప్పడం మిక్సీ మరమ్మతు గురించి చెప్పినంత తేలిక కాదు. మిక్సీ తిరిగితే బాగైనట్టే. రేడియో విషయంలో మన ఇంట్లో ఉన్నది సగం యంత్రమే. తక్కిన సగం ఎక్కడో వందల కిలోమీటర్ల దూరాన, ఎత్తైన స్తంభాల నడుమ తీగలు కట్టిన మైదానంలో ఉంటుంది. మా ఇంటి సెట్టుకు ఆ తక్కిన సగం శ్రీలంకలో, కొలంబోకు ఉత్తరాన జా-ఎల పట్టణం పక్కనున్న ఏకల అనే చోటి ప్రసార కేంద్రంలో ఉండేది. ఈ మరమ్మతు ఎంతవరకు ఫలించిందో చెప్పాలంటే ఏకల సంగతి కూడా చెప్పక తప్పదు.

ముందు సెట్టు గురించి. టేకు చెక్క పెట్టె, ముందు భాగాన జరీ పోగులు కలిపి నేసిన స్పీకరు గుడ్డ, దాని కింద అడుగున్నర పొడవున్న డయల్ అద్దం. అద్దం మీద ఒక వరుసలో మీడియం వేవ్ అంకెలు, మూడు వరుసల్లో షార్ట్‌వేవ్ అంకెలు, తరంగం పొడవును చెప్పే మీటర్ల లెక్కనా మెగాహెర్ట్జ్‌ల లెక్కనా అచ్చువేసి ఉంటాయి. ఒక మూలన మ్యాజిక్ ఐ అనే వాల్వు ఉంటుంది. స్టేషను సరిగ్గా పట్టినప్పుడు అందులోని ఆకుపచ్చ వెలుగు రెక్కలు రెండూ దగ్గరకు వచ్చి దాదాపు కలుసుకుంటాయి. ఇవన్నీ ఆ కాలపు ఖరీదైన రేడియోలన్నిటికీ ఉన్నవే. మా సెట్టుకు మాత్రమే ఉన్నది ఇంకొకటి: 25 మీటర్ల అంకెకు బియ్యపు గింజంత కుడిగా, మా అమ్మ తన తిలకం సీసాలోని పుల్లతో పెట్టిన ఎర్ర చుక్క. పాకాలలో ఉన్న రోజుల్లో నాయన బడికి వెళ్ళిపోయిన తరువాత సిలోను, అంటే శ్రీలంక రేడియో కోసం ముల్లును ఎక్కడ ఆపాలో తెలియక ఆమె చేసుకున్న ఏర్పాటు అది. షార్ట్‌వేవ్‌లో ముల్లు వెంట్రుకవాసి జరిగినా ఒక స్టేషను పోయి మరొకటి వస్తుంది కనుక ఆ చుక్క లేకుండా ఆమెకు పాటలు లేవు. సెట్టు మూగబోయి మిద్దె మీది గదిలో పడి ఉన్న పాతికేళ్ళూ చుక్క మాత్రం చెక్కుచెదరలేదు.

దుకాణం వెడల్పు పది అడుగులు ఉండవచ్చు. మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా రేడియో పెట్టెలు, వాటి మీద సుద్దముక్కతో రాసిన ఊళ్ళ పేర్లు: పుత్తూరు, రేణిగుంట, మదనపల్లె, కాళహస్తి. మనుషుల పేర్లు రాస్తే మరిచిపోతాడట, ఊరి పేరు రాస్తే మనిషి గుర్తుకు వస్తాడట. యజమానికి డెబ్బై దాటాయి. దుకాణంలో ఆయనకు తోడు ఎవరూ లేరు. ఇక్కడ నాకు నచ్చిన మొదటి సంగతి, ఆయన నా సెట్టును నేరుగా కరెంటుకు తగిలించకపోవడం. ఏళ్ళ తరబడి వాడని వాల్వు సెట్టును ఒక్కసారిగా 230 వోల్టులకు కలిపితే లోపలి కరెంటును నిలకడపరిచే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటే పేలవచ్చు, వాటితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోవచ్చు. ఆయన గోడకున్న సీరీస్ బోర్డుకు కలిపాడు. ఆ బోర్డులో ఒక మామూలు నూరు వాట్ల బల్బు సెట్టుతో వరుసలో ఉంటుంది. సెట్టు లోపల షార్టు ఉంటే కరెంటు బల్బులోనే ఆగి అది పూర్తిగా వెలుగుతుంది, లేకుంటే ఎర్రగా మినుకుమంటుంది. మా సెట్టు పెట్టగానే బల్బు గది నిండా వెలిగింది. ఆయన ప్లగ్గు పీకేసి, చిరునవ్వుతో, “ప్రాణం ఉండాది సార్, కండెన్సర్లే పోయినాయి” అన్నాడు. ప్రాణం ఉన్నదని ఎలా తెలిసిందని అడిగితే, ట్రాన్స్‌ఫార్మరు వాసన రాలేదు కదా అన్నాడు.

ఏడు వారాల తరువాత ఆయన నా చేతికిచ్చిన కాగితంలో చేసిన పనులన్నీ వరుసగా రాసి ఉన్నాయి. రెండు ఫిల్టర్ కండెన్సర్లు, అవుట్‌పుట్ వాల్వుకు ముందుండే కప్లింగ్ కండెన్సరు, మైనంతో చుట్టిన పాత కాగితపు కండెన్సర్లు ఏడు మార్చాడు. అవుట్‌పుట్ వాల్వు బలహీనపడితే, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తయారుచేసిన పాత వాల్వును అట్టపెట్టెతో సహా తన నిల్వలోంచి తీసి వేశాడు. బ్యాండ్ స్విచ్ కాంటాక్టులను స్పిరిట్‌లో ముంచిన అట్టముక్కతో తుడిచాడు. తెగిపోయిన డయల్ దారం కొత్తది కట్టాడు. తీసివేసిన పాత సామాను మొత్తం ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి తిరిగి ఇచ్చాడు. తిరుపతిలోగాని చిత్తూరులోగాని నా ఇన్నేళ్ళలో ఏ మెకానిక్కూ అడగకుండా ఆ పని చేయగా చూడలేదు.

అన్నిటికన్నా నేర్పుతో చేసింది డయల్ అలైన్‌మెంటు. ముల్లు 10 మెగాహెర్ట్జ్ మీద ఆగినప్పుడు సెట్టు నిజంగా 10 మెగాహెర్ట్జ్‌నే పట్టాలి. దీనికి సిగ్నల్ జనరేటరు అనే పరికరం వాడతారు. ఆయన దగ్గర అదీ ఉంది, కాని దానిని కూడా సరిచూసుకోవడానికి ఆయన ఆకాశాన్నే ఆశ్రయిస్తాడు. చైనా వారి కాల సంకేత కేంద్రం బీపీఎం 5, 10, 15 మెగాహెర్ట్జ్‌ల మీద క్షణానికొక చిన్న టిక్కు చొప్పున పంపుతూ ఉంటుంది. పరమాణు గడియారాలతో నడిచే ప్రసారం కనుక దాని ఫ్రీక్వెన్సీ వీసమెత్తు కూడా తప్పదు. చీకటి పడ్డాక ఆయన దుకాణంలో కూర్చుని ఆ టిక్కులు వినిపించే చోటికి ట్రిమ్మర్లు అనే చిన్న మరలు తిప్పి ముల్లును కుదిర్చాడు. పనికి ఇన్ని వారాలు ఎందుకు పట్టిందన్న నా కోపం అది చూశాక సగం చల్లారింది.

ఇక ఏకల. శ్రీలంకలో ప్రసారాలు ఆసియాలోకెల్లా ముందుగా మొదలైన వాటిలో లెక్క. అక్కడి టెలిగ్రాఫ్ ఆఫీసు ప్రధాన ఇంజనీరు ఎడ్వర్డ్ హార్పర్ 1923లో, పట్టుబడిన ఒక జర్మన్ జలాంతర్గామిలోని రేడియో సామాగ్రితో ట్రాన్స్‌మిటరు కట్టి గ్రామఫోను రికార్డులు వినిపించాడు. క్రమమైన ప్రసారాలు 1925 డిసెంబరు 16న మొదలయ్యాయి. అయితే అది కొలంబో వరకే పరిమితమైన చిన్న వ్యవహారం. పాకాలలోని మా వసారా దాకా ఆ గొంతు రావడానికి రెండవ ప్రపంచ యుద్ధం జరగవలసి వచ్చింది. మౌంట్‌బాటెన్ ఆధ్వర్యంలోని ఆగ్నేయాసియా సైనిక కమాండు 1944లో తన ప్రధాన కార్యాలయాన్ని క్యాండీకి మార్చుకొని, బర్మా నుంచి మలయా వరకు చెదిరి ఉన్న బ్రిటిష్ సైనికుల కోసం రేడియో సియాక్ అనే కేంద్రం పెట్టింది. అంత విశాలమైన ప్రదేశాన్ని అందుకోవడానికి ఏకలలో మార్కోనీ సంస్థవారి 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరును నిలబెట్టారు. విచిత్రమేమంటే అది పని ప్రారంభించేసరికి 1946 వచ్చింది. జపాను లొంగిపోయి అప్పటికే నెలలు గడిచాయి. యుద్ధానికని తెచ్చిన యంత్రం ఓడల కోసం ఎదురుచూస్తున్న సైనికులకు పాటలు వినిపించే పనిలో పడింది.

ఆ 100 కిలోవాట్లు ఎంత పెద్దవో తెలియడానికి మన వైపు లెక్క చూడాలి. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమైనప్పుడు దాని షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరు శక్తి 10 కిలోవాట్లు. తెలుగువారికి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది, అదీ మీడియం వేవ్ మీదనే. చిత్తూరు జిల్లాకు కాస్త దగ్గరగా కడప కేంద్రం వచ్చేసరికి 1963 అయింది. ఇంత చప్పటి ఆకాశంలోకి, 1949లో బ్రిటిష్ సైన్యం వెళ్ళిపోతూ ఏకల యంత్రాన్ని కొత్తగా స్వతంత్రమైన సిలోను ప్రభుత్వానికి అప్పగించింది. అప్పటికి కోటి జనాభా కూడా లేని చిన్న ద్వీపం చేతికి, ఉపఖండమంతటికీ వినిపించగల గొంతు ఉచితంగా దక్కినట్టయింది.

దానిని ఏం చేసుకోవాలో వారికి త్వరగానే తెలిసింది. 1950 సెప్టెంబరు 30న వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాయి. కామన్వెల్త్ దేశాల సాయపు పథకమైన కొలంబో ప్రణాళిక కింద ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ వాటికి అధిపతి. ఏకల ఏరియళ్ళను ఉత్తరానికి తిప్పి, భారతదేశంలోని సబ్బులకూ పళ్ళపొడులకూ సమయం అమ్మడం ఆయన పథకంలోని అసలు కీలకం. దానికి మన కేంద్ర ప్రభుత్వమే తెలియకుండా సాయపడింది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్, సినిమా పాటలు జనం అభిరుచిని చెడగొడుతున్నాయని నమ్మి, ఆకాశవాణిలో వాటికి చోటు బాగా తగ్గించారు. ఆయన పెట్టాలనుకున్నది శాస్త్రీయ సంగీతం. జనం చేసింది ముల్లు తిప్పడం. అదే సంవత్సరం డిసెంబరులో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్ మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం సిలోనులో మొదలై ఉత్తరాది మొత్తాన్ని కట్టిపడేసింది. ఆ కార్యక్రమాన్ని బొంబాయిలో రికార్డు చేసి, టేపులను విమానంలో కొలంబోకు పంపితే, ఏకల నుంచి ఆకాశం మీదుగా తిరిగి బొంబాయికే చేరేది.

మన దక్షిణాది పాటల ప్రయాణం దీనికి ఏమాత్రం తీసిపోదు. కోడంబాకం స్టూడియోలో గాయకుడు పాడిన తెలుగు పాట, రైలెక్కితే కొన్ని గంటల్లో చేరగల తిరుపతికి, ఓడనో విమానాన్నో ఎక్కిన గ్రామఫోను రికార్డుగా సముద్రం దాటి, ఏకల తీగల మీదుగా తిరిగి వచ్చేది. తెలుగు ప్రసారంలో మీనాక్షి పొన్నుదురై గారి ప్రకటనలు ఒక తరం తెలుగువారికి చెవిలో నిలిచిపోయినవి. మా జిల్లాలో తమిళం తెలియని ఇల్లు తక్కువ కనుక మయిల్‌వాగనం గారి తమిళ కార్యక్రమాలకూ అంతే గిరాకీ ఉండేది. ఒకే వీధిలో ఒక ఇంటివారు తెలుగు వేళ కోసమూ, పక్కింటివారు తమిళ వేళ కోసమూ కాచుకొని ఉండటం నాకు బాగా గుర్తు. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవాళ్ళం. ఢిల్లీకి రుసుము కట్టి కొలంబో వినడం మా నాయనకు మాత్రం ఎప్పుడూ కొంచెం తప్పుగానే తోచేది. అమ్మకు ఆ పట్టింపు లేదు.

ఏకల నుంచి తిరుపతికి ఇంత చక్కగా వినిపించడానికి యంత్రం శక్తి ఒక్కటే కారణం కాదు. పటం తీసి చూస్తే ఏకల మనకు దాదాపు సూటిగా దక్షిణాన, 700 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది. షార్ట్‌వేవ్ తరంగం నేల వెంట అంత దూరం రాలేదు. అది పైకి వెళ్ళి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన అయనావరణపు పొరను తాకి, వంగి తిరిగి నేలకు దిగుతుంది. ఆ దూరానికి ఒక్క గెంతు చాలు. పగలు పొర గట్టిగా ఉన్నప్పుడు 25 మీటర్లు, అంటే ఇంచుమించు 12 మెగాహెర్ట్జ్, మనకు బాగా దిగుతుంది. తెల్లవారుజామునా రాత్రీ పొర పలుచబడితే ఆ తరంగం మన నెత్తిమీదుగా ఇంకా ఉత్తరానికి పోతుంది కనుక అప్పుడు 41 మీటర్లకు మారాలి. మా అమ్మ చుక్క 25 మీటర్ల దగ్గర ఎందుకుందో ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది: ఆమె వినేది వంటిల్లు సర్దుకున్న తరువాత, పట్టపగలు. అయనావరణం సూర్యుడి మచ్చలను బట్టి సుమారు పదకొండేళ్ళకొకసారి బలపడుతుంది. 1957, 58 సంవత్సరాల్లో వచ్చిన ఉచ్ఛస్థితి నమోదైన వాటన్నిటిలోకీ పెద్దది. సిలోను వైభవం ఆ రోజులతో కలిసిరావడంలో సూర్యుడి పాత్ర కూడా కొంత ఉన్నదని నా అభిప్రాయం.

1957 అక్టోబరు 3న ఆకాశవాణి తన తప్పు దిద్దుకొని వివిధ భారతి ప్రారంభించింది. మొదట్లో అది కూడా బొంబాయి, మద్రాసు షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల నుంచే వచ్చేది. 1967 నవంబరు 1న వివిధ భారతిలో ప్రకటనలు మొదలుకావడంతో సబ్బుల కంపెనీలు కొలంబో దాకా పోవలసిన అవసరం తీరింది. అదే ఏడాది జనవరిలో రేడియో సిలోను కార్పొరేషనుగా మారింది, 1972లో దేశం పేరు మారినప్పుడు శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది. మా ఇంట్లో మాత్రం ఆ పేర్లేవీ చెల్లలేదు. చివరి వరకూ సిలోనే.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. చిత్తూరులోని మా ఇంటి మిద్దె మీద, పిట్టగోడ స్తంభం నుంచి కొబ్బరి చెట్టుకు, కరెంటు దాటనివ్వని పింగాణీ గుడ్లతో నలభై అడుగుల రాగి తీగ కట్టి, కిందికి దించి సెట్టుకు కలిపాను. ఇది దుకాణం యజమాని పెట్టిన షరతు: లోపల వేలాడదీసే జాలీ ఏరియల్‌తో విని సెట్టు బాగాలేదని తన దగ్గరకు రాకూడదన్నాడు. ఉరుములున్నప్పుడు తీగ ఊడదీసి బయట పడేయమని రెండుసార్లు చెప్పాడు. పది రోజులు ఉదయమూ సాయంత్రమూ విన్నాను.

సెట్టు పనితీరులో వంక పెట్టడానికి లేదు. వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది, ఆ తరువాత హమ్ అనే కరెంటు రొద దాదాపు లేదు. గొంతులకు ఆ వాల్వు సెట్ల నిండుదనం మళ్ళీ వచ్చింది. రాత్రి ఏడు దాటాక చైనా అంతర్జాతీయ రేడియో తమిళ ప్రసారం స్థానిక స్టేషనంత బలంగా వచ్చింది; మ్యాజిక్ ఐ రెక్కలు పూర్తిగా మూసుకున్నాయి. బీబీసీ ఇంగ్లీషు ప్రసారం అలల మీద పడవలా లేస్తూ పడుతూ వచ్చింది. రెండు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసీ, తగవుపడీ చేసే పని అది, సెట్టు లోపమనుకోకూడదు. బీపీఎం టిక్కులు ముల్లు 10 మీద పెట్టగానే వినిపించాయి, అంటే అలైన్‌మెంటు తిరుపతి నుంచి చిత్తూరు దాకా బస్సు కుదుపులను కూడా తట్టుకుంది.

తక్కిన సగం యంత్రం సంగతి వేరు. 60 మీటర్ల పట్టీలో 4800 కిలోహెర్ట్జ్ దగ్గర హైదరాబాదు 50 కిలోవాట్లతో వినిపించేది. అక్కడ ఇప్పుడు నిశ్శబ్దం. ఆకాశవాణి ప్రాంతీయ షార్ట్‌వేవ్ ప్రసారాలు గడచిన కొన్నేళ్ళలో చాలావరకు ఆగిపోయాయి. బీబీసీ తమిళం 2017లోనూ, హిందీ 2020 జనవరి చివరనూ షార్ట్‌వేవ్ వదిలేశాయి. 2017 అక్టోబరులో మొదలైన బీబీసీ తెలుగు అసలు షార్ట్‌వేవ్ మొహమే చూడకుండా ఇంటర్నెట్‌లో పుట్టింది. బెంగుళూరు శివార్లలో ఆకాశవాణికి 500 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లున్నా, అవి దూరదేశాల కోసం గెంతించినవి కనుక పక్కనే ఉన్న చిత్తూరుకు సరిగ్గా దిగవు. దీపం కింద చీకటి. 25 మీటర్ల పట్టీ మీద, చుక్క ఉండిన చోట, పది ఉదయాలూ ముల్లు ఆపి కూర్చున్నాను. హోరు తప్ప నాకు మాట దక్కలేదు. ఈ సంగతి తిరుపతికి ఫోను చేసి చెబితే పెద్దాయన, “సెట్టు మాట్లాడతాది సార్, అవతల మాట్లాడేవాళ్ళు ఉండాల గదా” అన్నాడు.

ఆ హోరులో ఆకాశానిది కొంతే. ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, పక్కింటి ఇన్వర్టరు, వీధిలోని కెమెరాల పెట్టెలు అన్నీ షార్ట్‌వేవ్‌లో బుసలు కొడతాయి. మా వంటింటి బల్బు ఒక్కటి ఆర్పితే 41 మీటర్ల పట్టీలో సగం మురికి పోయింది. వీధి మొత్తానికి కరెంటు పోతే ఆకాశం అద్దంలా తేటపడుతుంది, కాని అప్పుడు వాల్వు సెట్టుకూ కరెంటు ఉండదు. ఇన్వర్టరు మీద పెడదామంటే దాని రొదే అన్నిటికన్నా పెద్దది. ఈ చిక్కుకు నాకు దారి దొరకలేదు.

ఇక దుకాణం చేసిన పొరపాటు. సెట్టు తెచ్చుకొని ఇంట్లో స్విచ్చు వేసి, డయల్ దీపం వెలిగాక చూస్తే, అద్దం కొత్తదానిలా మెరుస్తోంది. ఆ మెరుపులో చుక్క లేదు. డయల్ దారం మార్చేటప్పుడు అద్దం ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగాడట. ఎర్రగా ఏదో అంటుకొని ఉంటే మరకనుకొని స్పిరిట్‌తో తుడిచాడట. అద్దం మీది అచ్చు చెదరకుండా అంత శుభ్రంగా కడగడం నిజానికి కష్టమైన పని, చాలామంది అంకెలు కూడా తుడిచేస్తారు. ఆయన మంచి పనిగానే చేశాడు. నేను ముందుగా చెప్పలేదు. అయినా ఫోనులో నా గొంతు లేచింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఏ స్టేషనుకు పెట్టినారని అడిగాడు. సిలోను అన్నాను. పదకొండు తొమ్మిది వందల ఐదా అని అడిగాడు. నిజమే, 11905 కిలోహెర్ట్జ్, సిలోను తరువాతి కాలంలో ఏళ్ళ తరబడి పలికిన చోటు. కాని అమ్మ చుక్క పెట్టిన నాటికి ఫ్రీక్వెన్సీ ఏదో, ముల్లు ఎంత పక్కకు తప్పి ఉండేదో చెప్పగలవాళ్ళు ఇప్పుడు లేరు. లెక్క ప్రకారం 25.2 మీటర్లు అవుతుంది, కావాలంటే వచ్చి ముల్లు పెట్టి చూపిస్తానన్నాడు. బిల్లులో 400 తిరిగి ఇస్తానన్నాడు. తీసుకోలేదు.

ధర విషయానికొస్తే, వాల్వుల వంటి పాత సామాను దొరకడమే కష్టమైన పరిస్థితిలో 5,400 ఎక్కువ కాదు. బజారులో పాతకాలపు చెక్కపెట్టె రూపంలో బ్లూటూత్ రేడియోలు దాదాపు ఇదే ధరకు వస్తున్నాయి. వాటి మీద షార్ట్‌వేవ్ అని రాసి ఉన్నా నేను విన్న రెండింటిలో మీటరు పొడవు తీగ కలిపినా చైనా తప్ప ఏదీ పలకలేదు. ఎఫ్ఎం మాత్రమే వినేవారికి ఈ మరమ్మతు దండగ. ఆ మాట దుకాణదారే వచ్చినవారికి మొదట చెబుతాడు. ఒక పెద్దమనిషి పెట్టె అందంగా ఉందని తెస్తే, బొమ్మగా పెట్టుకోండి, డబ్బులు పోగొట్టుకోవద్దని వెనక్కి పంపడం నా కళ్ళతో చూశాను. జాప్యం ఒక్కటే గట్టి ఫిర్యాదు. ఏడు వారాల్లో నేను నాలుగుసార్లు చిత్తూరు నుంచి తిరుపతికి పోయాను, రెండుసార్లు తాళం వేసి ఉంది. ఫోను చేయకుండా వెళ్ళకూడదు. ఉదయం పది దాటాక తీస్తాడు, పండుగ రోజుల్లో గుడి వీధులు మూస్తే దుకాణమూ మూస్తాడు.

మా బావమరిది దగ్గర వాళ్ళ తాతగారి సెట్టు ఒకటి ఉంది, దానినీ ఇక్కడికే పంపుతున్నాను. అద్దం మీద పెన్సిలుతో రాసినవి ఏమైనా ఉంటే ముందు ఫోనులో ఫొటో తీసుకోమని, కడగవద్దని చీటీ రాసి అద్దానికే అంటించమని చెప్పాను.